ముందు టైర్లకు గాలి

గాలి పట్టడంలో ఏముంది, గొట్టం తగిలించి నిలబడితే సరిపోయె అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలా అనేవాళ్లు జన్మలో ఒక్కసారి కూడా ఆ గొట్టం పట్టుకుని ఉండరు. పట్టుకున్నవాళ్లు అనరు. మా తమ్ముడు ఏడేళ్లు కార్లు నడిపాడు గాని ఆ ఒక్క పనీ సరిగ్గా నేర్చుకోలేదు. వాడికి నేర్పవలసినదాన్ని నేనే. నేర్పకపోయినా ఫరవాలేదు, ఆ రోజు వాడి కారు ముందు టైరుకు ఆ గొట్టం నా చేత్తో పట్టి ఉంటే వాడు ఈపాటికి ముసలివాడై నాతో పోట్లాడుతూ ఉండేవాడు. అమ్మ బతికున్నంతకాలం పైకి అనడానికి వీల్లేని మాట ఇది. అందుకని ఆమె పోయేదాకా ఆగాను.

మా ఆయన అరవైల్లో తెనాలిలో రేపల్లె వెళ్లే రోడ్డు మీద గాలి షాపు పెట్టాడు. షాపంటే మా ఇంటి ముందు రేకుల పంచ, అంతే. అందులో ఒక కరెంటు మోటారు, బెల్టు, గాలి నింపే ఇనప ట్యాంకు, ట్యాంకు నుంచి రోడ్డు దాకా సాగే నల్లటి రబ్బరు గొట్టం. గొట్టం చివర ఇత్తడి మూతి. టైరు లోపలి ట్యూబుకు వాల్వు ఉంటుంది కదా, దాని మీద ఈ మూతి కూర్చోవాలి. మోటారు ఎంత పెద్దదైనా, ట్యాంకు ఎంత నిండినా బొటనవేలంత ఉండే ఆ మూతి సరిగ్గా కూర్చోకపోతే అంతా వీధిపాలే.

మూతి లోపల ఒక రబ్బరు ఉంగరం, దాని మధ్యలో చిన్న ముల్లు ఉంటాయి. వాల్వులో ఒక పిన్ను ఉంటుంది. ముల్లు వెళ్లి ఆ పిన్నును నొక్కితే లోపలికి దారి తెరుచుకుంటుంది. రబ్బరు ఉంగరం వాల్వు అంచును చుట్టూ గట్టిగా పట్టుకుంటే గాలి బయటికి పోకుండా ట్యూబులోకి పోతుంది. చెప్పుకోవడానికి ఇంతే. కాని చక్రం ఎక్కడ ఆగితే వాల్వు అక్కడ ఉంటుంది. ఒకసారి పైన, ఒకసారి నేలకు జానెడు ఎత్తున, ఒకసారి బురద పట్టి, ఒకసారి వంగిపోయి. మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డతో తుడిచి, మూతిని నిటారుగా పెట్టి, వెనక నుంచి బొటనవేలితో ఒకే బిగువున నొక్కాలి. చెయ్యి ఒక్క పిసరు వాలినా గాలి వేళ్ల సందుల్లోంచి మొహాన కొడుతుంది.

పెళ్లయిన రెండో ఏడే మా ఆయనకు నడుం పట్టేసింది. వంగితే లేవలేడు. అప్పుడు నాకు నేర్పాడు. "కళ్లతో చూసేది కాదే ఇది, చెవితో చూడు" అనేవాడు. మూతి సరిగ్గా కూర్చుంటే శబ్దం టైరు లోపలికి పోయి గుర్రుమని వినిపిస్తుంది. అసలు కూర్చోకపోతే బుస్సుమంటుంది, అది చెవిటివాడికైనా తెలుస్తుంది. ఈ రెండింటికీ మధ్య సన్నని ఈల లాంటిది ఒకటుంది. మూతి కొంచెం వాలి కూర్చున్నప్పుడు వచ్చే శబ్దం అది. కొంత గాలి లోపలికి పోతుంది, కొంత బయటికి పోతుంది, టైరు నిండుతుంది కూడా. నిండింది కదా అని సంబరపడి మూతి లాగేస్తారు. లోపల పిన్ను మాత్రం ఒక పక్కకు వాలి అక్కడే ఇరుక్కుంటుంది. ఇక అక్కడి నుంచి గాలి ఎవరికీ తెలియకుండా మైలుకు కొంచెం చొప్పున పోతూనే ఉంటుంది. అందుకే మూతి తీశాక వాల్వు మీద తడి రాసి బుడగ వస్తుందేమో చూడాలి. మా ఆయన వేలు ఉమ్ముతో తడిపి రాసేవాడు. నాకు ఎంగిలి పట్టింపు. అందుకని ఒక డబ్బాలో నీళ్లు పెట్టుకునేదాన్ని.

నా ఇరవై ఆరో ఏట ఆయన పచ్చకామెర్లతో పదిహేను రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. అత్తమామలు అప్పటికే లేరు. అమ్మ రేపల్లె నుంచి వచ్చి, సామాను సర్దుకో పోదాం అంది. నేను పోనన్నాను. మా నాన్న పోయాక అమ్మ మా బాబాయిల పంచన ఎలా బతికిందో చూసినదాన్ని. నెల దాటాక షాపు తలుపు తీసి మోటారు వేశాను.

మొదటిరోజు వచ్చిన లారీ డ్రైవరు ఎన్నో ఏళ్లుగా మాకు తెలిసిన మనిషి. జంపని వైపు నుంచి వస్తూ పోతూ ఆగేవాడు. మా ఆయనా నేనూ షాపులో ఉండగా నన్ను చెల్లెమ్మా అని నోరారా పిలిచేవాడు. ఆ రోజు లారీ దిగి, నా బొట్టు లేని మొహం చూసి, తల దించుకున్నాడు. మళ్లీ బండెక్కి దాన్ని వెనక్కి తిప్పి లారీ తోక షాపు వైపు వచ్చేలా నిలబెట్టాడు.

"వెనకవి నువ్వు పట్టమ్మా. ముందువి నేను చూసుకుంటాలే" అన్నాడు.

"ఎందుకన్నయ్యా, నేనే పడతాను కదా" అన్నాను. నాకు నిజంగా అర్థం కాలేదు.

ఆయన చేతిగుడ్డతో మెడ తుడుచుకుని, "తప్పుగా అనుకోకు చెల్లెమ్మా. దూరం పోవాలి. నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

అప్పుడర్థమైంది. బయలుదేరే బండికి మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు. వెనక చక్రాల దగ్గర వంగితే ఎదురు కిందికి రాదట. ముందు చక్రం దగ్గర వంగితే వస్తుందట. వెనక టైర్లకు లేని మడి ముందు టైర్లకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పిన శాస్త్రకారుడు ఎవరో గాని, దొరికితే ఆ గొట్టం మూతి ఆయన చెవిలో పెట్టి ఒకసారి మోటారు వేసేదాన్ని.

ఆయన ఒక్కడైతే సరిపెట్టుకునేదాన్ని. వారం తిరక్కుండా అది రోడ్డు మొత్తానికి రివాజయింది. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు, అందరికీ తెలిసిపోయింది. లారీలు, కార్లు, చెరుకు సీజనులో ట్రాక్టర్లు అన్నీ షాపుకు తోక చూపించి ఆగేవి. నిజాంపట్నం చేపల లారీలు ఐసునీళ్లు కార్చుకుంటూ వచ్చేవి. ఆ డ్రైవర్లకు తొందర ఎక్కువ, శకునాలు అంతకంటే ఎక్కువ. సభల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే మాస్టారొకాయన ఉండేవారు. ఆయన అద్దె కారులో వచ్చినప్పుడు, "గాలికి శకునమేంటమ్మా, పిచ్చివాళ్లు" అని నన్ను ఓదార్చి, డ్రైవరు నన్ను ముందు టైరు దగ్గరికి రానిస్తాడేమోనని భయపడి తానే దిగి గొట్టం అందుకున్నారు. సైకిళ్ల వాళ్లు మాత్రం రెండు చక్రాలూ నాకే వదిలేవాళ్లు. సైకిలువాడు ఎక్కడికి పోతాడు, మ్యాట్నీకేగా.

అందరూ మర్యాదస్తులే, అదే నా ఏడుపు. ఒక్కడన్నా నోరు పారేసుకుంటే నా నోరూ తక్కువది కాదు. "అమ్మా", "చెల్లెమ్మా" అంటూ మెత్తగా గొట్టం నా చేతిలోంచి తీసుకునేవాళ్లు. ముందుకు వెళ్లి వంగి ఆ మూతిని వాల్వు మీద ఎలాపడితే అలా కుక్కేవాళ్లు. నేను లారీ వెనక నిలబడి వినేదాన్ని. బుస్సుమనేది, ఈల వేసేది, మళ్లీ బుస్సుమనేది. "వాలిందండీ, నిటారుగా పెట్టండి" అని వెనక నుంచి అరిచేదాన్ని. కొందరు వినేవాళ్లు. చాలామంది టైరును ఇనప రాడ్డుతో రెండు దెబ్బలు కొట్టి, టంగుమంది కదా అని వెళ్లిపోయేవాళ్లు. తప్పు గాలి పట్టుకుని పోయే ఆ బండ్లను చూస్తూ నిలబడితే నాకు తిండి సయించేది కాదు. నా చేతికొచ్చిన పని ఒకటే. అందులో సగం నా చేతిలోంచి లాక్కున్నారు.

ఒక్క మా తమ్ముడు అలా చేయలేదు. వాడు నాకంటే ఏడేళ్లు చిన్న. రేపల్లెలో పెద్దవాళ్ల కార్లు నడిపేవాడు, వారానికొకసారైనా తెనాలి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కారు ముక్కు షాపు వైపు పెట్టి ఆపి హారను కొట్టేవాడు. "అక్కోయ్, నాలుగూ నువ్వే" అనేవాడు. పక్కన వేరే లారీలు ఉంటే ఇంకా గట్టిగా అనేవాడు. నేను ముందు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటే వాడు బానెట్టుకు ఆనుకుని, చుట్టూ ఉన్న డ్రైవర్ల వైపు చూస్తూ నవ్వేవాడు. ఆ పది నిమిషాలూ నేను మళ్లీ పూర్తి మనిషినయ్యేదాన్ని. ఆరేళ్లు అలా పట్టాను. వాడి బండికి దారిలో ఒక్కసారి గాలి తగ్గలేదు.

మా అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయినప్పటి నుంచి ఆమె ఎవరికీ ఎదురు రాలేదు. ఎవరూ రావద్దనకముందే తానే తప్పుకునే రకం. తమ్ముడు ఉదయం రేపల్లెలో ఇంటి ముందు కారు తీసే వేళకు అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. కారు వీధి మలుపు తిరిగి శబ్దం ఆగిపోయాక బయటికొచ్చేది. కొడుకు బయలుదేరడం ఆమె ఎన్నడూ చూడలేదు. తల్లి ఎదురుకు దోషం లేదని ఇరుగుపొరుగు చెప్పినా వినేది కాదు. "ఉందో లేదో వాడి మీద పెట్టి చూడమంటావా?" అనేది.

డెబ్భైల మొదట్లో తమ్ముడు సొంత కారు కొన్నాడు. తెనాలిలోనే ఒక ప్లీడరుగారి కారది. ఏడాదిగా షెడ్డులో పడుంది. తెల్లరంగు పసుపుబారి మీగడలా ఉండేది. దాన్ని తెనాలిలో తీసుకుని, బాపట్లలో గుడి ముందు పూజ చేయించి, అటునుంచే చెరుకుపల్లి మీదుగా రేపల్లె ఇంటికి తీసుకెళ్లాలని వాడి ఏర్పాటు. బయలుదేరడం మాత్రం మా షాపు నుంచే అన్నాడు. "నా బండికి మొదటి గాలి నీ చేతిదే అక్కా" అన్నాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు, సంతోషంతో.

కారు తీసుకోవడానికి వారం ముందు అమ్మ పొద్దుటి రైలుకు తెనాలి వచ్చింది. నీళ్లన్నా తాగకుండా షాపులో స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు వాడి కార్లకి ముందు టైర్లు కూడా పడతావంట గదా" అంది.

"ఆరేళ్ల నుంచి పడుతున్నా. ఏమైంది?"

"ఇన్నాళ్లూ పరాయివాళ్ల కార్లే. ఏమన్నా వచ్చినా అది ఓనరుకి పోయేది. ఇది వాడిదే. వచ్చేది వాడికే వస్తుంది."

నాకు నవ్వు వచ్చింది. అమ్మ రైల్లో వస్తూ లెక్క కట్టి తేల్చిన సంగతి అది. నా నవ్వు చూసి ఆమె ఏడ్చింది. "నేనూ ముండమోసినదాన్నే. నిన్ను తక్కువ చేసే హక్కు నాకెక్కడిదే? మనిద్దరికీ వాడొక్కడే గదా మిగిలింది" అంది.

"అమ్మా, నేను ముందు నిలబడితే ప్రమాదమా, టైరుకి సరిగ్గా గాలి లేకపోతే ప్రమాదమా?"

"గాలి ఎవడైనా పడతాడు. నువ్వు వెనకే ఉండు. వాడి మీద ఒట్టెయ్" అని నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది.

నేను తిరగబడాల్సింది. రోడ్డు మీద డ్రైవర్లందరినీ మనసులో తిట్టుకున్న నోరు నాదే. కాని అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి, సిగ్గయినా సరే. మా ఆయన పోయినప్పటి నుంచి మనసులో ఒక మూల నాకూ ఆ అనుమానం ఉంది. అందరూ అన్నేళ్లు అదే పనిగా తోక చూపిస్తుంటే, నాలో ఏదో ఉందేమో, ఊరికే అంటారా అనిపించేది. నమ్మనని నోటితో అనేదాన్ని గాని నా కాళ్లు నమ్మాయి. తమ్ముడి మీద ఒట్టు వేశాను. కారు ముందుకు పోనని, ముందు టైరు ముట్టనని.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి కారు వచ్చింది. వాడు ఎప్పటిలాగే ముక్కు షాపు వైపు పెట్టి ఆపాడు. ఏడాదిపాటు కదలని బండి కదా, నాలుగు టైర్లూ కూలబడి ఉన్నాయి. నేను పంచలోంచి దిగకుండా ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి కారు వెనక్కి వచ్చాను.

"ఏంటక్కా, దొంగలా అటునుంచి వస్తున్నావ్?" అన్నాడు నవ్వుతూ. కొత్త చొక్కా వేసుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు.

నేను గొట్టం లాక్కుని వెనక టైర్లు రెండూ పట్టాను. తడి రాసి చూసుకున్నాను. బుడగ లేదు. లేచి గొట్టం వాడి చేతికిచ్చాను. "ముందువి నువ్వు పట్టుకోరా" అన్నాను.

"ఎందుకు?"

"నడుం నొప్పిగా ఉంది. వంగలేను."

"ఇప్పుడేగా వంగి లేచావ్" అన్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేశాడు. "అమ్మ వచ్చిందా?"

నేను తల దించుకున్నాను.

"నువ్వు కూడానా అక్కా" అన్నాడు.

వాడు నన్ను ఎన్నో మాటలన్నాడు చిన్నప్పటి నుంచి. జుట్టు పట్టుకుని కొట్టుకున్నాం. ఏదీ నాకు గుర్తులేదు. ఆ ఒక్క మాట గుర్తుంది. నా కోసం ఆరేళ్లు రోడ్డంతటి ముందు నిలబడ్డవాడు, నేనే వెనక్కి తగ్గితే ఏమనుకుంటాడు? కోపం వచ్చింది వాడికి. గొట్టం విసురుగా లాక్కుని ముందుకు పోయాడు.

నేను డిక్కీ దగ్గర రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాను. కుడి టైరుకు మూతి పెట్టాడు. గుర్రుమంది. బాగానే కూర్చుంది. తర్వాత ఎడమ టైరు. కొంచెంసేపు బుస్సుమని, ఆ తర్వాత సన్నగా ఈల మొదలైంది.

"ఒరేయ్, వాలింది. నిటారుగా పెట్టు" అన్నాను, తల తిప్పకుండా.

"పెట్టానులే."

ఈల ఆగలేదు. "తీసి మళ్లీ పెట్టరా. సరిగ్గా కూర్చోలేదు."

"నిండిందక్కా. రాయిలా ఉంది." అరచేత్తో టైరును చరిచిన శబ్దం వినిపించింది. మూతి లాగేశాడు.

"నీళ్లు రాసి చూశావా?"

"పదకొండింటికి గుడి దగ్గర ఉండాలి. పంతులుగారు వెళ్లిపోతారు" అన్నాడు. గొంతులో ఇంకా కోపం ఉంది.

నీళ్ల డబ్బా నా చేతిలోనే ఉంది. కారు పక్కగా ముందుకు నాలుగడుగులు వేస్తే ఎడమ టైరు వస్తుంది. వంగి, వేలు తడిపి, వాల్వు మీద రాస్తే బుడగ వస్తుంది. మూతి మళ్లీ పెట్టి ఒక్కసారి నిటారుగా నొక్కి వదిలితే పిన్ను సర్దుకుంటుంది. నిమిషం పని కూడా కాదు. ఆ శబ్దం ఏమిటో తెనాలిలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా నేను కదల్లేదు. ఒట్టు తప్పితే వాడికేమవుతుందో అని భయపడి కదల్లేదు. వాడి కోసమే కదల్లేదు. ఇలా ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ నాలుగడుగులు నాలుగడుగులే.

వాడు కారెక్కి తలుపేసుకున్నాడు. అద్దంలో కూడా నా మొహం కనపడకూడదని నేను పక్కకు తప్పుకుని, వచ్చిన సందులోకే పోయి గోడ చాటున నిలబడ్డాను. వాడు వెళ్లడం చూడలేదు. అమ్మలాగే శబ్దం వింటూ ఉండిపోయాను.

బాపట్లలో పూజ బాగా జరిగిందట. బానెట్టు మీద పసుపుతో స్వస్తిక్ వేశారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. గుడి దగ్గర వాడు అందరికీ ప్రసాదం పంచాడట. ఎడమ ముందు టైరు కొంచెం కిందికి దిగి ఉందని ఎవరికీ అనిపించినట్టు లేదు. అనిపించినా, కొత్తగా కొన్న బండి గురించి పూజ నాడు అలాంటి మాట ఎవరంటారు? వాడికి కూడా ఆ బండి తీరు ఇంకా తెలియదు. స్టీరింగు ఎడమకు లాగుతుంటే పాత బండి కదా, దాని అలవాటే అనుకుని ఉంటాడు.

చెరుకుపల్లి దాటాక ఒకచోట రోడ్డు కాలవ పక్కగా మలుపు తిరుగుతుంది. అక్కడ పొలంలో ఉన్న రైతు చూశాడు. కారు మరీ వేగంగా ఏమీ రాలేదన్నాడు. మలుపులో ఎవరో తాడు కట్టి లాగినట్టు ఎడమకు పోయి కాలవలో పడిందన్నాడు. వంతు నీళ్లు వదిలిన రోజులు, కాలవ నిండుగా ఉంది. వాడు ఒక్కడే ఉన్నాడు కారులో.

సాయంత్రం రేపల్లె బస్సు కండక్టరు మా షాపు ముందు దిగి ఆ మాట చెప్పాడు. నేను అదే బస్సులో వెళ్లాను. వాడి కొత్త చొక్కా ఆరిపోయి ఉంది అప్పటికి.

మూడో రోజు చిన్నదినం అయ్యాక ఎవరికీ చెప్పకుండా రిక్షా మాట్లాడుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్లాను. కారును కాలవలోంచి లాగి గట్టున పెట్టారు. దండ లేదు. పసుపు లేదు. ఎడమ ముందు టైరు చచ్చుపడి ఉంది, సగం రిమ్ము నుంచి జారింది. గాడుల్లో నిమ్మతొక్క ఇరుక్కుని ఉంది. నేను ముందు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. అడ్డుచెప్పేవాళ్లు ఎవరూ లేరు. కొంగుతో వాల్వు తుడిచి లోపలికి చూశాను. పిన్ను కిందికి దిగిపోయి ఒక పక్కకు వాలి ఉంది. గోటితో అలా తాకాను. టక్కున పైకి లేచి దాని చోట అది నిలబడింది. గోటితో పోయేది అని పెద్దలు అంటుంటే ఏదో మాటవరసకనుకున్నాను. నిజంగా గోటితోనే పోయేది. అక్కడ ఆ బురదలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో రిక్షా అతనికే తెలియాలి. లేవమ్మా, పొద్దుపోతోంది అని అతనే లేపాడు.

షాపు మళ్లీ తెరవలేదు. తెరిస్తే ఎవడో ఒకడు వచ్చి, ముందువి మేం చూసుకుంటాంలే అంటాడు. ఆ మాట అన్నవాణ్ణి ఆ గొట్టంతోనే కొట్టి చంపుతానేమోనని భయం వేసింది.

ఆ రోజు నేను రిక్షా దిగి ఇంట్లోకి వెళ్లేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎక్కడికెళ్లావని అడగలేదు. చుట్టాలందరూ వాకిట్లో ఉన్నారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. అడగబోయేది మూడు రోజులుగా లోపల దాచుకున్న మాటేనని నాకు తెలుసు. అడగకుండా ఉంటే బాగుండునని కోటి దండాలు పెట్టుకున్నాను.

"నిజం చెప్పు. నేనేమీ అనను. ఆ రోజు వాడి కారు ముందుకి వెళ్లావా?"

నా కొంగుకు ఇంకా కాలవ బురద ఉంది. ఈలను గురించి చెప్పవచ్చు. పిన్ను గురించి చెప్పవచ్చు. చెబితే ఆమె ఒక్క క్షణం ఆలోచిస్తుంది, ఒట్టు వేయించుకున్నదెవరో గుర్తొస్తుంది, ఆ తర్వాత ఆమె ఇక బతకదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నా కాళ్ల మీద పడితే భరించేదాన్ని. ఇది అమ్మ మీద పడుతుంది.

"లేదమ్మా" అన్నాను. "వెనకే నిలబడ్డాను. ముందు టైరు ముట్టుకోలేదు."

అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుని భోరున ఏడ్చింది. "నా తల్లే. అయితే నీ వల్ల కాలేదు. నీ వల్ల కాలేదే" అంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ సాయంత్రం గుక్కెడు మజ్జిగ తాగింది.

పెద్దదినం దాకా పలకరించడానికి ఎవరొచ్చినా అమ్మ వాళ్లకు మొదట ఆ మాటే చెప్పేది. "మా అమ్మాయి ముందుకి పోలేదండి. వాడు ఎంత పిలిచినా పోలేదు. ఒట్టు నిలబెట్టుకుంది." వచ్చినవాళ్లు నా వైపు తిరిగి చూసేవాళ్లు. మంచి పని చేశావమ్మా అనేవాళ్లు. కొందరు తల మీద చెయ్యి కూడా వేశారు.